పన్నెండో తరగతికీ కళాశాలకూ నడుమ
(రఘుపతి వెంకటరత్నం నాయుడు స్మారకోపన్యాసం)

పన్నెండో తరగతి ఫలితాలు వెలువడిన రోజుకూ, కళాశాలలో మొదటి పాఠం జరిగే రోజుకూ మధ్య భారతదేశంలోని చాలా రాష్ట్రాల్లో రెండు మూడు నెలలు గడుస్తాయి. పశ్చిమ బెంగాల్‌లో 2024లో ఉన్నత మాధ్యమిక ఫలితాలు మే 8న వచ్చాయి. డిగ్రీ ప్రవేశాల కోసం ఆ ఏడే తొలిసారిగా ఏర్పాటైన కేంద్రీకృత పోర్టల్‌లో దరఖాస్తులు జూన్ 24న మొదలయ్యాయి. తరగతులు ఆగస్టులో ప్రారంభమయ్యాయి. ఈ మూడు నెలల్లో విద్యార్థి పేరు ఏ హాజరు పట్టీలోనూ ఉండదు. పాఠశాల తన పని ముగిసిందనుకుంటుంది, కళాశాలకు ఆ విద్యార్థి ఇంకా తెలియడు, ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉంటే ఈ ఖాళీని వాళ్లే పూరిస్తారు, లేకపోతే ఎవరూ పూరించరు. తల్లిదండ్రుల్లో ఎవరూ కళాశాల గడప తొక్కని ఇళ్లనుంచి వచ్చే పిల్లలు, అంటే విద్యాశాస్త్రజ్ఞులు మొదటితరం విద్యార్థులని పిలిచేవారు, ఉన్నత విద్యకు దూరమయ్యే అపాయం ఈ మూడు నెలల్లోనూ, వెంటనే వచ్చే మొదటి సెమిస్టరులోనూ అన్నిటికంటే ఎక్కువగా ఉంటుందన్నది ఈ ఉపన్యాసానికి ఆధారమైన ప్రతిపాదన.

కళాశాలలో చేరబోయేవారిని తరగతులకు ముందే కొన్ని వారాలపాటు ఒకచోట కూర్చి, పై చదువుకు కావలసిన పాఠ్యజ్ఞానాన్ని, చదువుకునే పద్ధతులను, తోటివారి స్నేహాన్ని, అధ్యాపకుల పరిచయాన్ని కలిగించే ఏర్పాటును వేసవి సన్నాహక శిబిరం అనవచ్చు. అమెరికాలో దీన్ని సమ్మర్ బ్రిడ్జి అంటారు. తెలుగు రాష్ట్రాల విద్యాసంస్థల్లో బ్రిడ్జి కోర్సు అనే మాట బాగా వాడుకలో ఉన్నా, ఆచరణలో అది పాత పాఠాల పునశ్చరణగా కుంచించుకుపోయింది. పాఠాల పునశ్చరణ ఇందులో ఒక భాగమే, అదీ అతి ముఖ్యమైన భాగం కాదు.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి సమర్పితమో ఆ రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862–1939) జీవితం ఈ విషయానికి దగ్గరిది. కలకత్తాలో పుట్టిన బ్రహ్మసమాజ ఉద్యమాన్ని తెలుగునేలపై నాటినవారిలో ఆయన అగ్రగణ్యుడు. 1904 నుంచి 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా, 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరుగా పనిచేశారు. ఆడపిల్లలకు, దళిత విద్యార్థులకు కళాశాల తలుపులు తెరవడంతో ఆయన ఆగలేదు. దళిత బాలబాలికలకు కాకినాడలో వసతి గృహాలు ఏర్పరచారు, అనాథ పిల్లలను చేరదీశారు, పేద విద్యార్థుల కోసం తన సంపాదనను ఖర్చుచేశారు. సీటు ఇచ్చి ఊరుకుంటే చాలదని, ఉండటానికి చోటు, తినడానికి తిండి, నలుగురిలో బెరుకు లేకుండా కూర్చునే ధైర్యం కూడా చదువు చెప్పేవారే సమకూర్చాలని ఆయన ఆచరణ నేర్పుతుంది. వంద సంవత్సరాల తరువాత కూడా ఈ పాఠం పూర్తిగా తలకెక్కలేదు. ప్రవేశాల సంఖ్యను చూసి తృప్తిపడే అలవాటు ప్రభుత్వాలకూ, సంఘాలకూ, దాతలకూ అలాగే ఉండిపోయింది.

ఈ సమస్యను హౌరాలోని ఒక పేటలో, టికియాపారాలో, పరిశీలిద్దాం. టికియాపారా హౌరా స్టేషను దాటగానే ఆగ్నేయ రైల్వే దారిలో వచ్చే తొలి స్టేషను. దాని తరువాతిది దాస్‌నగర్. లోకల్ రైళ్ల కార్ షెడ్డు, పట్టాల పక్కన కిక్కిరిసిన బస్తీలు, లోహాన్ని కరిగించి పోతపోసే ఫౌండ్రీలు, లేత్ యంత్రాల చిన్న కర్మాగారాలు ఇక్కడి జీవితానికి ఆధారం. ఉర్దూ, హిందీ, బంగ్లా ఒకే సందులో వినిపించే ఈ పేటలకు తెలుగు కూడా కొత్తది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను తన ప్రధాన కేంద్రంగా చేసుకున్నప్పటి నుంచి గంజాం, విశాఖపట్నం జిల్లాల కుటుంబాలు ఆ రైలుమార్గం వెంట ఉత్తరానికి కదిలాయి. హుగ్లీ ఒడ్డున ఉన్న జనపనార మిల్లులు మరికొందరిని రప్పించాయి. 1927లో ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెలో వి.వి. గిరి కీలకపాత్ర వహించారంటే, ఆ కార్మికుల్లో తెలుగువారి సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు. స్వాతంత్ర్యం తరువాత ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలోనే 2003 వరకు వాల్తేరు డివిజను ఉండటం వల్ల బదిలీల మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలూ ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి వెనుక ఉన్నది ఈ శతాబ్దకాలపు చరిత్రే.

ఈ పేట పిల్లలకు కళాశాల దూరాభారం కాదు. 1924లో స్థాపితమైన నరసింహ దత్త కళాశాల హౌరాలోని బెలీలియస్ రోడ్డు మీదే ఉంది. 1947లో మొదలైన హౌరా బాలికల కళాశాల, నేటి బిజయ్ కృష్ణ బాలికల కళాశాల, అదే నగరంలో ఉంది. 1856లో పుట్టి తరువాత శిబ్‌పూర్‌కు తరలిన ఇంజనీరింగు కళాశాల 2014 నుంచి జాతీయ ప్రాధాన్య సంస్థ. ఇంత దగ్గర ఉన్న కళాశాలలోకి ఒక ఫిట్టరు కొడుకో, పారిశుద్ధ్య కార్మికురాలి కూతురో వెళ్లి నిలదొక్కుకోవడం మాత్రం తేలికగా జరిగేది కాదు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021–22 ప్రకారం పశ్చిమ బెంగాల్ స్థూల నమోదు నిష్పత్తి 26.3 శాతం. పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ల వయసు జనాభాతో పోల్చి కళాశాలల్లో నమోదైనవారు ఎందరో తెలిపే ఈ నిష్పత్తి దేశం మొత్తానికి 28.4, ఆంధ్రప్రదేశ్‌కు 36.5, తెలంగాణకు 40. వలసవచ్చిన తెలుగు కుటుంబం తన సొంత రాష్ట్రంలో ఉంటే పిల్లల చుట్టూ కనిపించే కళాశాల వాతావరణం ఇక్కడ పలుచగా ఉందని ఈ అంకెలే చెబుతున్నాయి.

ఫలితాలకూ తరగతులకూ మధ్య విద్యార్థులు జారిపోవడాన్ని అమెరికా పరిశోధకులు సమ్మర్ మెల్ట్ అంటారు. బెంజమిన్ కాసిల్‌మన్, లిండ్సే పేజ్ 2014లో వెలువరించిన గ్రంథం ఈ విషయాన్ని వివరంగా చర్చించింది: కళాశాలలో చేరాలని నిశ్చయించుకుని, ప్రవేశం కూడా దక్కించుకున్నవారిలో 10 నుంచి 20 శాతం మంది శరత్కాలం వచ్చేసరికి ఎక్కడా చేరడం లేదని, పేద కుటుంబాల పిల్లల్లో ఈ నష్టం మరింత ఎక్కువని వారు చూపారు. కారణాలు పెద్దవి కావు. పూర్తిచేయని ఒక దరఖాస్తు, అర్థంకాని ఒక ఉత్తరం, గడువు దాటిన ఒక రుసుము. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2016లో కొత్త విద్యార్థుల సందేహాలకు ఫోన్ సందేశాల ద్వారా రాత్రింబవళ్లు జవాబిచ్చే ఏర్పాటు చేసినప్పుడు ఈ నష్టంలో అయిదో వంతుకు పైగా తగ్గిందని ఆ సంస్థ వెల్లడించింది. తెలివితేటల లోపమే కారణమైతే, ఒక ఫోన్ సందేశం దాన్ని తీర్చేది కాదు.

టికియాపారాలో ఈ కాగితాల చిక్కు ఇంకా బరువైనది. తల్లిదండ్రుల కులధ్రువీకరణ పత్రం శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో తీసుకున్నదై ఉంటుంది, పిల్లవాడు పుట్టింది హౌరా ఆసుపత్రిలో. ఇలాంటి చిక్కు మీద సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో ఇచ్చిన తీర్పు ఒక తెలుగు విద్యార్థి కేసులోనే వచ్చింది. తెనాలిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిన సమూహానికి చెందిన ఆ విద్యార్థి తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో ఉండగా, అక్కడి వైద్య కళాశాలలో రిజర్వేషను కోరాడు. రాజ్యాంగంలోని 341, 342 అధికరణాల కింద ఒక కులాన్నో తెగనో గుర్తించేది ఆయా రాష్ట్రానికి సంబంధించి మాత్రమేనని, వలసవెళ్లిన రాష్ట్రంలో ఆ హోదా తనంతట తాను వర్తించదని ధర్మాసనం తేల్చింది. తీర్పు మంచిచెడ్డల చర్చ ఇక్కడ అవసరం లేదు. దాని పర్యవసానం తెలియని కుటుంబం జూన్ నెలలో పోర్టల్ ముందు కూర్చుని రిజర్వేషను గడిలో టిక్కు పెట్టి, ఆగస్టులో పత్రాల పరిశీలన సమయంలో సీటు పోగొట్టుకునే ప్రమాదం ఉందన్నదే ఇక్కడి ఆందోళన. తమ సమూహం పశ్చిమ బెంగాల్ జాబితాలో ఉందో లేదో, లేకపోతే సాధారణ కోటాలో ఏ కళాశాలలకు దరఖాస్తు చేయాలో, ఆడపిల్ల అయితే పద్దెనిమిదేళ్లు నిండాక కన్యాశ్రీ పథకం కింద ఒకేసారి వచ్చే 25,000 రూపాయలకు ఏ పత్రాలు కావాలో, 2021లో మొదలైన స్టూడెంట్ క్రెడిట్ కార్డు కింద పది లక్షల వరకు దొరికే రుణం తీసుకోవడం ఎంతవరకు శ్రేయస్కరమో చెప్పేవారు ఆ మూడు నెలల్లోనే కావాలి. సెప్టెంబరులో చెప్పే సలహా ఎంత మంచిదైనా పనికిరాదు.

కాగితాలు సరిపోయి విద్యార్థి లోపలికి అడుగుపెట్టిన తరువాతి కథను విద్యా సామాజిక శాస్త్రం వేరొక దారిలో పరిశీలించింది. ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు ఆర్నల్డ్ వాన్ గెన్నెప్ 1909లో మనిషి ఒక దశనుంచి మరొక దశకు మారేటప్పుడు జరిగే సంస్కారాలను విశ్లేషిస్తూ వియోగం, సంధి, సంయోగం అనే మూడు అంచెలను గుర్తించాడు: పాత గుంపును విడవడం, ఇటూ అటూ కాని మధ్యస్థితిలో ఉండటం, కొత్త గుంపులో కలవడం. విద్యార్థులు కళాశాలను ఎందుకు విడిచిపోతారని పరిశోధించిన విన్సెంట్ టింటో ఈ చట్రాన్నే 1980ల్లో కళాశాల జీవితానికి అన్వయించి, చదువులోనూ స్నేహాల్లోనూ కొత్త సమాజంలో కలవలేనివారే మధ్యలో వెళ్లిపోతారని సిద్ధాంతీకరించాడు. ఈ సిద్ధాంతం ఎంతో ఉపకరించినా, అందులోని వియోగం అనే అంచెను లారా రెండన్ వంటి విద్వాంసులు సరిగానే తప్పుపట్టారు. ఇంటిని, పేటను, భాషను వదులుకుంటేనే కళాశాల సమాజంలో చోటు దొరుకుతుందని పేద విద్యార్థికి చెప్పడం అన్యాయం. అతను తెచ్చుకున్న జ్ఞానానికి, అనుభవానికి విలువ ఉందని అధ్యాపకులు ముందుగా గుర్తించి చెప్పడమే అతన్ని నిలబెడుతుందని రెండన్ 1994లో ప్రతిపాదించింది. ఈ గుర్తింపునే ఆమె వాలిడేషన్ అంది.

టికియాపారా విద్యార్థికి రెండన్ మాటే వర్తిస్తుంది. అతను హాస్టలుకు వెళ్లడు; పొద్దున కళాశాలకు వెళ్లి సాయంత్రం అదే ఇంటికి, అదే గదికి, తమ్ముళ్లూ చెల్లెళ్లూ చదువుకునే అదే దీపం కిందికి వస్తాడు. వియోగం అతని జీవితంలో జరగదు, జరగనక్కరలేదు. రెండు లోకాలను రోజూ మోయగల నేర్పు అతనికి కావాలి. అందువల్ల అమెరికాలో లాగా విద్యార్థులను కళాశాల హాస్టలుకు తీసుకుపోయి ఆరు వారాలు ఉంచే శిబిరాన్ని ఇక్కడ యథాతథంగా అనుకరించడం సరికాదు. ఇక్కడి శిబిరం పేటలోనే నడవాలి, తల్లులు కిటికీలోంచి చూడగలిగేంత దగ్గరలో నడవాలి.

శిబిరాల వల్ల ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, కొన్నిటివల్ల ఉంటుంది, కొన్నిటివల్ల నిలవదు. టెక్సస్ రాష్ట్రంలో 2009 వేసవిలో ఎనిమిది కళాశాలలు నిర్వహించిన శిబిరాలను పరిశోధకులు శాస్త్రీయంగా పరీక్షించారు. చేరదలచినవారిని చీటీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకే శిబిరంలో ప్రవేశమిచ్చి, రెండు గుంపులనూ రెండేళ్లపాటు గమనించారు. 2012లో వెలువడిన నివేదిక ప్రకారం, శిబిరంలో చదివినవారు మొదటి ఏడాదిన్నరలో గణితంలోనూ రచనలోనూ తొలి కళాశాల కోర్సును ఎక్కువ మంది గట్టెక్కారు. రెండేళ్లు ముగిసేసరికి మాత్రం ఆ తేడా చెప్పుకోదగినంతగా మిగలలేదు, చదువు కొనసాగించినవారి సంఖ్యలో తేడా అసలే కనిపించలేదు. నాలుగైదు వారాల శిబిరం పెట్టి, తరువాత విద్యార్థిని వదిలేస్తే జరిగేది ఇదే. సేవాసంస్థలు శిబిరం ముగింపు సభలో ఫొటోలు తీసుకుని సంతోషపడేముందు ఈ నివేదికను ఒకసారి మననం చేసుకోవడం మంచిది.

ఫలితం నిలిచిన ఉదాహరణలు మరొక దిక్కు చూపిస్తాయి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1970ల్లో గణితంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న యూరీ ట్రైస్‌మన్, కలన గణితంలో నల్లజాతి విద్యార్థులు ఎందుకు ఎక్కువగా తప్పుతున్నారో తెలుసుకోవాలనుకున్నాడు. పట్టుదల లేదని, పునాది లేదని, ఇంట్లో ప్రోత్సాహం లేదని, పేదరికమని అధ్యాపకులు తలా ఒక కారణం చెప్పారు. ట్రైస్‌మన్ ఇరవై మంది నల్లజాతి విద్యార్థులను, ఇరవై మంది చైనా సంతతి విద్యార్థులను వెంటబడి గమనిస్తే ఆ కారణాలేవీ నిలవలేదు. నల్లజాతి విద్యార్థులు శ్రద్ధగా, గంటలకొద్దీ, ఒంటరిగా చదువుతున్నారు. చైనా విద్యార్థులు ఒంటరిగా కొంత చదివి, తరువాత గుంపుగా కూర్చుని ఒకరి లెక్కను మరొకరు తప్పుపట్టి, భోజనం చేస్తూ కూడా అదే చర్చించుకుంటున్నారు. తెలియనిది తనకొక్కడికే తెలియదని నల్లజాతి విద్యార్థి అనుకుంటుండగా, అది అందరికీ కష్టమేనని చైనా విద్యార్థికి మొదటి వారంలోనే తెలిసిపోతోంది. ట్రైస్‌మన్ ఆ తరువాత నడిపిన గుంపు తరగతుల్లో వెనకబడినవారికి ఇచ్చే తేలిక లెక్కలు ఇవ్వలేదు. మామూలు తరగతికంటే కఠినమైన లెక్కలు ఇచ్చి కలిసి సాధించమన్నాడు. చేరినవారి ఫలితాలు గణనీయంగా మెరుగుపడ్డాయి.

బాల్టిమోరుకు సమీపంలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఫ్రీమన్ హ్రబోస్కీ నాయకత్వంలో 1988లో మొదలైన మేయర్‌హాఫ్ కార్యక్రమం కూడా ఇదే మార్గంలో నడిచింది. అందులో ఆరు వారాల వేసవి శిబిరం ఆరంభం మాత్రమే. గుంపుగా చదవడం, మార్గదర్శకుల పర్యవేక్షణ, పరిశోధనశాలల్లో పని డిగ్రీ పూర్తయ్యేవరకు సాగుతాయి.

భారతదేశంలో ఈ ఆలోచనకు రూపం ఇచ్చినవాటిలో తెలుగునేల మీది సంస్థల పాత్ర చెప్పుకోదగినది. 1998లో ప్రారంభమైన హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో కొత్త విద్యార్థులకు మానవీయ విలువల మీద శిబిరాలు జరిపే సంప్రదాయాన్ని దాని డైరెక్టరుగా రాజీవ్ సంగల్ పెంపొందించారు; ఆయన 2013లో వారణాసి ఐఐటీకి డైరెక్టరుగా వెళ్లాక 2016లో అక్కడ కొత్త విద్యార్థులకు నెలరోజుల పరిచయ కార్యక్రమం మొదలైంది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2017లో ఇంజనీరింగు కళాశాలలకు నిర్దేశించిన మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం ఆ అనుభవం నుంచి పుట్టినదే. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు మార్గదర్శిగా ఉండాలన్న నియమం అందులోని అత్యంత విలువైన అంశం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో దీక్షారంభ్ పేరుతో ఇటువంటి మార్గదర్శకాలను అన్ని డిగ్రీ కళాశాలలకూ విస్తరించింది. మార్గదర్శకాలు చక్కనివే. కానీ అవి కళాశాలలో చేరినవారికే వర్తిస్తాయి, చేరకముందే జారిపోయినవారిని అందుకోలేవు. పైగా అధ్యాపకుల కొరత ఉన్న కళాశాలలో ఇరవై మందికొక మార్గదర్శి అన్న నియమం కాగితం మీదే ఉండి, మూడు వారాలు కాస్తా రెండు రోజుల ఉపన్యాసాలుగా మారే అవకాశం ఎక్కువ. కొత్తవారిని ఆదరించే ఏర్పాటు లేనిచోట వారిని ఎవరు కలుపుకుంటారన్నది ప్రాణాంతకమైన ప్రశ్న కూడా కావచ్చు. 2023 ఆగస్టులో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరు చేరిన కొద్దిరోజులకే హాస్టలు భవనం నుంచి పడి మరణించిన ఘటన రాష్ట్రాన్నంతా కలచివేసింది.

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగం వీటన్నిటికంటే ధైర్యమైనది. 2008లో స్థాపితమై నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు ప్రాంగణాలతో మొదలైన ఈ సంస్థ, గ్రామీణ విద్యార్థులను పదో తరగతి తరువాతే తీసుకుని ఆరేళ్లు చదివిస్తుంది. అందులో మొదటి రెండేళ్లు ఇంటర్మీడియట్‌కు సమానమైన ప్రీ యూనివర్సిటీ కోర్సు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారి గ్రేడు సగటుకు 0.4 పాయింట్లు కలిపే నియమం ద్వారా, ఆ పిల్లలు తక్కువ వనరులతో సాధించిన ఫలితాన్ని ఎక్కువ విలువతో లెక్కించింది. నాలుగు వారాల్లో చేయవలసిన సన్నాహానికి రెండేళ్లు కేటాయించిన ఈ పద్ధతి తెలుగు మాధ్యమంలో చదివిన వేలాది పల్లె పిల్లలకు ఆంగ్ల మాధ్యమ ఇంజనీరింగులో నిలదొక్కుకునే వ్యవధినిచ్చింది. హౌరాలో ఒక పేట సంఘం రెండేళ్ల కోర్సు నడపలేదు. కానీ వ్యవధి కావాలన్న సూత్రాన్ని మాత్రం తీసుకోవచ్చు.

భాష విషయం దగ్గర కొంత ఆగవలసి ఉంది. రైల్వే కాలనీ తెలుగు పిల్లవాడు ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో హిందీ, బజారులో బంగ్లా మాట్లాడతాడు. పాఠశాలలో హిందీ మాధ్యమంలోనో ఆంగ్ల మాధ్యమంలోనో చదువుతాడు. కళాశాలలో అధ్యాపకుడు ఇంగ్లీషులో మొదలుపెట్టి, వివరణ దగ్గరకు వచ్చేసరికి బంగ్లాలోకి వెళతాడు. వినికిడికి ఇన్ని భాషలు వచ్చినా, ఒక్క భాషలోనూ పుస్తకం పట్టుకుని పేజీల తరబడి చదివే అలవాటు ఏర్పడకపోవడం ఈ పిల్లల అసలు ఇబ్బంది. దీనికి మందు వ్యాకరణ పాఠం కాదు. రోజూ రెండు పేజీలు గట్టిగా చదివించి, చదివినదాన్ని వచ్చిన భాషలో చెప్పించి, ఆ తరువాత ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయించడం నాలుగు వారాలు చేస్తే, క్లాసులో నోట్సు రాసుకోవడం వారికి భయం కలిగించదు. ఆలీపూర్‌లోని జాతీయ గ్రంథాలయంలో తెలుగు విభాగం ఉందని హౌరా తెలుగు పిల్లల్లో చాలామందికి తెలియదు. శిబిరంలో ఒకరోజు అక్కడికి తీసుకువెళ్లడం ఏ ప్రేరణోపన్యాసానికీ తీసిపోదు.

కోర్సు ఎంపిక కూడా ఇప్పుడు వెనకటంత సులువు కాదు. జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి 2023–24 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయంలో వచ్చిన కొత్త పాఠ్యక్రమంలో విద్యార్థి మేజరును, అంటే ప్రధాన విషయాన్ని, మైనరును, అంటే అనుబంధ విషయాన్ని, వాటితోపాటు నైపుణ్య కోర్సులను, బహుళ విషయక కోర్సులను ఎంచుకోవాలి. మూడేళ్లకు ముగించాలా, నాలుగేళ్లు చదివి ఆనర్సు తీసుకోవాలా అన్నది కూడా ఆలోచించాలి. చదువుకున్న ఇంట్లో ఈ ఎంపిక వారాల తరబడి చర్చ అవుతుంది. చదువులేని ఇంట్లో అది సైబర్ కేఫ్ కుర్రాడు నొక్కిన బటను మీద ఆధారపడుతుంది. మూడేళ్ల జీవితం అలా నిర్ణయం కావడం ఎవరికీ సమ్మతం కాకూడదు.

ఈ పేటలో ఇటువంటి పని అసాధ్యమనడానికి వీల్లేదు. టికియాపారాలో మామూన్ అఖ్తర్ తన ఇంట్లోని చిన్న గదిలో కొద్దిమంది బస్తీ పిల్లలకు చదువు చెప్పడంతో మొదలుపెట్టిన ప్రయత్నం సమారిటన్ హెల్ప్ మిషన్‌గా, పెద్ద పాఠశాలగా ఎదిగింది. గది ఉంటే, ఉపాధ్యాయుడు ఉంటే, పేట నమ్మితే చదువు నిలబడుతుందని అక్కడివారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. పాఠశాల వరకు వచ్చిన ఆ ప్రయత్నాన్ని కళాశాల మొదటి ఏడాది చివరి వరకు పొడిగించడమే మిగిలిన పని.

అలాంటి శిబిరం జూన్ మధ్యలో మొదలై నాలుగు లేక అయిదు వారాలు, రోజుకు మూడు గంటలు నడిస్తే సరిపోతుంది. వేసవిలో లేత్ షాపుల్లో, ఫౌండ్రీల్లో, దుకాణాల్లో పనికి వెళ్లే అబ్బాయిల కోసం, ఇంటిపని మీదపడే అమ్మాయిల కోసం వేళలు రెండు పూటలుగా ఉండాలి. కూలి పోగొట్టుకుని వచ్చేవారికి ఆ మేరకు భత్యం ఇవ్వాలి, ఎందుకంటే పేదవాడి సమయానికి ధర ఉందన్న సంగతి మరిచిన శిబిరం మొదటి వారంలోనే ఖాళీ అవుతుంది. పాతిక మందికి మించని గుంపులో, నిరుడు డిగ్రీలో చేరి మొదటి ఏడాది గట్టెక్కిన అదే పేట అన్నయ్యలు, అక్కయ్యలు మార్గదర్శకులుగా ఉండాలి. వారికి కూడా గౌరవ వేతనం ఉండాలి. గణితంలో కఠినమైన లెక్కలు నలుగురు కలిసి చేయాలి. పత్రాల పని కోసం వారానికి ఒక పూట రెవెన్యూ, బ్యాంకు వ్యవహారాలు తెలిసిన రిటైర్డు ఉద్యోగులు కూర్చోవాలి. రైల్వే కాలనీల్లో అటువంటివారికి కొరత లేదు. ఒకరోజు పిల్లలు తాము చేరబోయే కళాశాలకు వెళ్లి గ్రంథాలయం, ప్రయోగశాల, ఆఫీసు కౌంటరు, అధ్యాపకుల గది చూసి రావాలి. మరొక సాయంత్రం తల్లిదండ్రులను పిలిచి, డెబ్బై అయిదు శాతం హాజరు నియమం అంటే ఏమిటో, ఊళ్లో పెళ్లికని పదిహేను రోజులు తీసుకుపోతే ఏమవుతుందో వారి భాషలో చెప్పాలి.

టెక్సస్ అనుభవాన్ని మరిచిపోకుండా ఉండాలంటే శిబిరం జులైతో ముగియకూడదు. మొదటి సెమిస్టరు పొడవునా ప్రతి ఆదివారం అదే గుంపు అదే గదిలో కలిసి చదవాలి. దుర్గాపూజ సెలవులు ముగిశాక కళాశాలకు తిరిగి వెళ్లనివారు ఎవరో లెక్కచూసి, వారి ఇళ్లకు వెళ్లి కారణం తెలుసుకోవాలి. శిబిరం విజయాన్ని చేరినవారి సంఖ్యతో కొలవడం మాని, మొదటి సంవత్సరం పరీక్ష రాసి రెండో సంవత్సరంలోకి వెళ్లినవారి సంఖ్యతో కొలవాలి. ఆ ఒక్క అంకెను దాచకుండా ఏటా పేట ముందు పెట్టగల సంస్థకే దాతల డబ్బు తీసుకునే అర్హత ఉంది.

హౌరా, కోల్‌కతాల తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి, నాటక పోటీలకు ఎంతో శ్రమించి నిధులు పోగుచేస్తాయి. ఆ శ్రమ వృథా కాదు, ప్రవాసంలో భాషను బతికించినది అదే. ఆ నిధిలో కొంత భాగాన్ని ఈ పాతికమంది పిల్లలకు కేటాయించమని, తమ సభ్యుల్లోని విశ్రాంత ఉపాధ్యాయులను, రైల్వే ఉద్యోగులను ఈ పనికి పిలవమని, తెలుగు పిల్లలతోపాటు అదే సందులో ఉండే ఉర్దూ, హిందీ, బంగ్లా పిల్లలను కూడా కూర్చోబెట్టమని ఈ వేదిక నుంచి వారికి విజ్ఞప్తి. వచ్చే మే నెలలో ఫలితాలు వెలువడిన వారంలోనే ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాలి. జూన్‌లో పోర్టల్ తెరుచుకునేసరికి ప్రతి విద్యార్థి చేతిలో పత్రాలు సిద్ధంగా ఉండాలి.